నాలుక కింద మాత్ర, తూము మీద పార

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను అనొద్దు: నేను పెంచి చెప్పే మనిషిని. నా నోట్లో పడితే ఎలుక పందికొక్కవుతుంది, ఆ పందికొక్కు ఎడ్లబండిని లాక్కుపోతుంది. నా పెళ్లికి మూడొందలమంది వచ్చారు. ఈ ఇరవై అయిదేళ్లలో వాళ్లను మూడువేలమందిని చేశాను, ఎవరికీ అన్నం తక్కువ కాలేదు. కనుక కింద రాసినదాంట్లో కొలతలు నమ్మకండి. మా అన్నను మాత్రం నమ్మండి. ఆయన్ని పెంచడం నా వల్ల కూడా కాదు. అన్న అన్నాక ‘ఆయన’ అనాలి కాబట్టి అంటున్నాను, ప్రేమతో కాదు.

మా పొలాలు కోటగిరి అవతల, నిజాంసాగర్ కాలువ చివర, పక్కపక్కనే ఉంటాయి. ఇద్దరికీ ఒకటే తూము. పొద్దున వంతు ఆయనది, పన్నెండు దాటితే నాది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా చుట్టుపక్కల అంతా వరికి మారినా ఆయన చెరకు వదల్లేదు. తియ్యదనం మీద మోజు కాదు, ఎంత నీళ్లయినా తాగే పంట అదేనని. మేం మాట్లాడుకోక పదకొండేళ్లు. తిట్టుకోవడం మాటల్లోకి రాదు.

మా కాలువ మీద లెక్క ఒకటే: తూము దగ్గర పార పట్టుకుని నిలబడ్డవాడివే నీళ్లు. కూర్చున్నాడా, వంతు వదిలేసినట్టే. ఈ లెక్క కోసం మా అన్న మూడు గంటలు మూత్రం ఆపుకుని నిలబడగా చూశాను. ఆరు అని రాయబోయి తగ్గించాను.

మా బాపు మా ఇద్దరికీ సమానంగా పంచినవి రెండే: భూమి, గుండెనొప్పి. నిజామాబాదు ఖలీల్‌వాడిలో ఇద్దరికీ ఒకడే డాక్టరు. వేర్వేరు వారాల్లో వెళ్లేవాళ్లం. ఒకసారి కర్మకాలి ఒకే రోజు పడ్డాం. తనకు టైము కలిసొస్తుందని డాక్టరు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పాడు.

“రక్తనాళం ఇనుప పైపు కాదు. దాని గోడల కండ ఉంటది. కండ బిగిస్తే దారి సన్నమైతది, వదిలితే వెడల్పయితది. ఈ మాత్ర ఆ కండను వదులు చేస్తది. గుండెకు తిరిగొచ్చే నాళాలు వెడల్పయితే రక్తం కొంత అక్కడనే నిలుస్తది. గుండెకు తోడిపోసే పని తగ్గుతది, నొప్పి తగ్గుతది.”

మా అన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “అంటే తూములన్నీ ఒక్కపారి తెరిసినట్టా సారు?”

“అట్లనే అనుకోండి.”

“అన్ని తెరిస్తె చివరి మడికి నీళ్లెట్ల ఎక్కుతయ్?”

డాక్టరు కుర్చీలోంచి ఎగిరి సీలింగుకు తగిలాడు. “ఎక్కవు! చివరి మడి మీ తలకాయ. బీపీ పడిపోతది, నిలబడి ఉంటే కండ్లు తిరిగి పడతరు. అందుకే కూసొని పెట్టుకోవాలె. మింగొద్దు. మింగితే చాలా మటుకు కాలేయమే తినేస్తది. నాలుక కింద పెడితే నేరుగా రక్తంల కలుస్తది. అయిదు నిమిషాలల్ల తగ్గకుంటే 108కి ఫోన్ చేయండి. ఇంకొకటి, మగతనం మాత్రలు వేసుకునేటోళ్లు దీన్ని ముట్టొద్దు. రెండు కలిస్తే బీపీ పాతాళానికి పోతది, ప్రాణానికే మోసం.”

మా అన్న నావైపు చూశాడు. “గది వానికి చెప్పుండ్రి సారు.”

“ఉన్నోడు పెంచుకుంటడు. లేనోనికి భయమెందుకు?” అన్నాను నేను గోడతో.

ఆ మాత్ర ఆవగింజకు అన్నలా ఉంటుంది. నాలుక కింద పెట్టుకుంటే మాత్రం నా తలలో బోధన్ చుట్టుపక్కల గానుగలన్నీ ఒక్కసారి తిరుగుతాయి. తలలో నాళాలు కూడా వెడల్పవుతాయట. అయినా సీసా జేబులో లేకుండా పొలం వెళ్లను.

ఈ యాసంగిలో, చివరి తడి రోజు. నా వరి పొట్ట మీద ఉంది. ఆ తడి అందకపోతే గింజ పాలు పోసుకోదు. పన్నెండయింది. ఆయన పార కదపలేదు.

“అన్నా, నా వంతు. పార తియ్.”

“నా మూల మడి తడువలె. తడిసినంక తీస్త.”

“నీ మూల మడికి గోదారిని మలిపినా దూప తీరది.”

“ఎక్కువ మాట్లాడకు. గీ పారతోనే గీడ బొంద పెడ్త.”

ఆ అరుపు పోచంపాడు దాకా వినిపించింది. అక్కడ చేపలు పట్టేవాళ్లు వలలు వదిలేసి పరుగెత్తారు. అంత గొంతూ సగంలో ఆగిపోయింది. ఎడమచేయి ఛాతీ మీదికి వెళ్లింది. ముఖం చెరకు పిప్పి రంగుకు తిరిగి చెమటలు కారాయి. కుడిచేయి మాత్రం పార వదల్లేదు.

“నీ మాత్రలేవి?”

“ఇంట్ల.”

నా ఎదుట జేబులో మందుసీసా గలగలమంటే పరువు తక్కువని ఇంట్లో పెట్టి వచ్చాడు. నేను వెంటనే నా సీసా తీసి ఒక మాత్ర అరచేతిలో వేసుకున్నాను. “ముందు కూసో.”

“కూసోను.”

“కూసోకుంటె పడ్తవ్. డాక్టరు చెప్పలేదా?”

“కూసుంటె నీళ్లు నీయయితయ్. గదే గద నీ ఉపాయం?”

నా చేతిలోని మాత్ర లాక్కుని నిలబడే నాలుక కింద పెట్టుకున్నాడు. పారకు ఆనుకుని నన్నే చూస్తున్నాడు. రెండు నిమిషాలయ్యాక చివరి మడికి నీళ్లు అందలేదు. ఏనుగులా కూలి కాలువలో పడ్డాడు. అయిదడుగుల మూడంగుళాల ఏనుగు.

దిగి, లాగి, గట్టు మీద పడుకోబెట్టి, రెండు కాళ్లూ నా భుజాల మీదికి ఎత్తి పట్టుకున్నాను. ఎత్తు తిప్పితే నీళ్లు తిరిగినట్టే, కాళ్లలో రక్తం తలకు మళ్లుతుంది. పదకొండేళ్లుగా మాట కలపని మనిషి పాదాలు నా చెవుల పక్కన. బురద వాసన. కాసేపటికి కళ్లు తెరిచాడు.

“పార ఏది?”

నొప్పి తగ్గలేదు. 108 వచ్చింది. నిజామాబాదులో పూడుకున్న నాళానికి స్టెంటు వేశారు.

మర్నాడు డాక్టరు నన్ను మంచం పక్కనే అడిగాడు: “నొప్పి మొదలైనంక ఎంతసేపటికి మాత్ర ఇచ్చిండ్రు?”

“ఎంటనే సార్.”

మా అన్న తల తిప్పి నన్ను చూశాడు. “నీ మడి తడిసిందారా?”

“లేదు. తూము నీ దిక్కే ఉండె. నీ మూల మడి తడిసింది.”

పదకొండేళ్లలో మొదటిసారి నవ్వాడు. “చూసిండ్రా, తమ్ముడంటే ఎంత ప్రేమ, ఎంత పావురమో,” అన్నాడు డాక్టరు నర్సుతో.

ఇక నేను కల్పించిందేదో ఒప్పుకోవాలి. సీలింగుకు తగిలిన డాక్టరును, వలలు వదిలేసినవాళ్లను మీరు అక్కడే పట్టుకుని ఉంటారు. మీరు పట్టుకోలేనిది చిన్న మాట: ‘వెంటనే’. ఆయన ఛాతీ పట్టుకున్నాక సీసా తీసిన మాట నిజం. మూత తీయలేదు. “పార తియ్, మాత్ర ఇస్త” అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అన్నాను. మళ్లీ ఊపాడు.

మూడుసార్లు అడిగాను. ఈ మూడు పెంచింది కాదు.