వదులు చేయని తీగలు

మా చిన్నప్పుడు మా వసారా నిండా చెక్కపొట్టే... మార్కాపురంలో బడిపిల్లల పలకల షెడ్డులో పగలంతా చట్రాలు బిగించి వచ్చి, సాయంత్రమయ్యేసరికి నాయన ఏదో ఒక పాడైన గిటారు ఒళ్ళో పెట్టుకుని బాగుచేస్తూ కూర్చునేవాడు. పెళ్ళికి ముందు ఒక వాద్యాల దుకాణంలో ఆ పని నేర్చుకున్నాడట. భజన బృందాల వాళ్ళు, పెళ్ళిళ్ళలో పాటలు పాడేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు.

"తలుపు గొళ్ళెం ఊడి యాడాదైంది. దానికీ తీగలు కట్టి పెడితే చూస్తాడేమో మీ నాయన" అని అమ్మ నాతో అనేది... ఆయనకు వినబడేలా.

ఒక ఎండాకాలం సాయంత్రం పుల్లలచెరువు వైపు నుంచి ఒక పెద్దావిడ, వెనకే ఆమె కోడలు వచ్చారు. కోడలి చేతుల్లో పాత చీరలో చుట్టిన గిటారు. పెద్దావిడ అరుగు మీద కూర్చుంది. కోడలు కింద మెట్టు దగ్గరే ఆగిపోయింది. అమ్మ "కూర్చో తల్లీ" అన్నా, అత్త ముఖం చూసిందే గానీ కూర్చోలేదు.

ఆ గిటారు పెద్దావిడ చిన్నకొడుకుది. ఊరి భజనల్లో వాయించేవాడట. ఒకరోజు శ్రుతి చేసి గోడకు తగిలించాడు... జ్వరమొచ్చి, మళ్ళీ దించకుండానే పోయాడు. అప్పటి నుంచి ఏళ్ళ తరబడి ఆమె దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు.

"మా పెద్దోని పెండ్లాం ఈమె, కాపురానికొచ్చి దింపింది" అంది కోడలిని చూడకుండా. "దింపి పొయ్యి పైన దూలానికి కట్టింది. ఇప్పుడు చూడు తమ్ముడా, తీగల కింద చెక్క ఎట్ల లేచిపోయిందో. ఇది బాగుగాకుంటే ఇట్నుంచి ఇట్నే పుట్టింటికి పోవాల్సిందేనని దారిలోనే చెప్పినా."

మా వైపు విత్తనానికి ఉంచిన కంకులను పొయ్యి పైన కట్టడం మామూలే. పొగ తగిలితే పురుగు పట్టదని.

"గోడకు చెదలు పట్టినాయి మామా" అంది కోడలు మా నాయనతో, నేల చూస్తూ. "గిటారు దాకా వచ్చినాయి. తినేస్తాయని భయపడి... కంకులు కట్టినట్టే కట్టినా."

"కంకులంట, కంకులు! నువ్వు వాణ్ణి చూసిన దానివి కూడా కాదు."

బియ్యం ఏరుతున్న అమ్మ చేట పక్కన పెట్టేసింది.

నాయన ఒక కన్ను మూసి గిటారు మెడను పొడవునా చూశాడు. వేలి కణుపుతో పెట్టె మీద అక్కడక్కడా తట్టి, చెవి పెట్టి విన్నాడు. తీగలు వచ్చి ముడిపడే చెక్కను బ్రిడ్జి అంటారు. దాని వెనక నుంచి ఒక కాగితం ముక్క దూర్చాడు. సగం దాకా లోపలికి పోయింది, అంటే అంత మేర జిగురు వదిలేసింది.

"బాగైతాదా?"

"ఐతాది అక్కా. అయితే తీగలు తియ్యాల."

ఆమె చెయ్యి చప్పున తీగల మీదికి వచ్చింది. "తీగలొద్దు. వాడు శ్రుతి చేసి పెట్టినవి. వాని వేళ్ళు తగిలినవి. అవట్లనే ఉంచి అతికించు."

నాయన గిటారును ఆమె కంటికి ఎదురుగా పట్టుకున్నాడు. "ఇట్ల చూడు. మెడ విల్లు మాదిరి వంగింది. ఇది పొయ్యి చేసిన పని కాదక్కా. వాయించని గిటారుకు తీగలు వదులు చెయ్యాల. లేకుంటే రేయింబగలు లాగతానే ఉంటాయి. ఇన్నేళ్ళూ లాగి లాగి జిగురు ఎప్పుడో అలిసిపోయింది. వేడి తగిలి ఇప్పుడు పైకి కనపడింది. గోడకే ఉన్నా ఊడేదే."

"అంటే... నేనే పాడు జేసుకున్యానా?"

"నువ్వు దాచుకున్యావు. ఈ పాప దాన్ని కాపాడదామనుకునింది. ఇద్దరికీ ఈ పని తెలీదు, అంతే."

నాయన ఆమె వేళ్ళను మెడ చివర తీగను బిగించే బిరడా మీద పెట్టాడు. "నువ్వే తిప్పక్కా. ఒక్కదాన్నే ఒకేసారి వదిలెయ్యొద్దు. అన్నీ కొంచెం కొంచెం."

ఆమె తిప్పుతుంటే నాయన తీగను మీటాడు. ఆ చప్పుడు కిందికి, ఇంకా కిందికి జారుతూ పోయింది... ఒకచోట ఇక పలకలేదు. తీగ ఊరికే కదిలింది. అప్పుడు ఏడ్చింది ఆమె. కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు.

చివరి బిరడా తుప్పుపట్టి తిరగలేదు. కోడలు ఎప్పుడు మెట్టెక్కి వచ్చిందో, అత్త చేతి మీద తన చెయ్యి వేసి తిప్పింది. ఆమె వద్దనలేదు.

పాత జిగురంతా గీకి, కొత్తది పూసి, సైకిలు ట్యూబుతో కట్టి, పైన పలకరాళ్ళు బరువు పెట్టాడు నాయన. బాగా ఆరేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మెడ సరిచేసి కొత్త తీగలు ఎక్కించాడు. పాతవి చుట్టగా చుట్టి, గుడ్డలో కట్టి ఉంచాడు.

వాళ్ళు తీసుకుపోవడానికి వచ్చిన రోజు జాగ్రత్తలు చెప్పాడు. "పొయ్యికీ, ఎండ గోడకూ దూరం పెట్టండి. వాయించనప్పుడు తీగలు కాస్త వదులు చెయ్యండి. ఎండాకాలం గదిలో ఓ గిన్నె నీళ్ళు పెడితే చెక్క పగలదు."

"మా ఊర్లో మనుషులకే నీళ్ళు లేవు. గిటారుకు యాడ తెచ్చేది?" అంది పెద్దావిడ. అందరం నవ్వేశాం. "తడిగుడ్డ ఆరేసినా చాల్లే అక్కా" అన్నాడు నాయన.

కాసేపు మీటి వినిపించాడు. ఆమె కళ్ళు మూసుకుని వింది. "వాని మాదిరి లేదు" అంది. కాసేపటికి మళ్ళీ తానే... "పలుకుతాంది, చాలు."

పాత తీగల మూట తన బొడ్లో దోపుకుంది. గిటారును మాత్రం కోడలి చేతికిచ్చింది. "బస్సులో ఒళ్ళో పెట్టుకో. కిటికీ పక్కన నువ్వు కూర్చో, ఎవురూ తగలకుండా" అంది. "పదమ్మా, ఇంటికి పోదాం."

ఇంటికి పోదాం అనగానే ఆ అమ్మాయి ముఖం ఎలా మారిందో... అప్పుడు నాకు అర్థం కాలేదు. పెళ్ళై అత్తవారింటికి వచ్చిన తరువాత అర్థమైంది.

నేను ఎక్కువ చదువుకోలేదు. ఈ గ్రూపులో అందరి కథలూ చదివి ఊరుకునేదాన్ని, రాయాలంటే సిగ్గు. నాయనకు ఇప్పుడు చూపు తగ్గింది, పని మానేశాడు. ఇప్పుడు గిటారు పాడైతే జనం పారేసి, ఫోనులో కొత్తది తెప్పించుకుంటున్నారు. బాగుచేసేవాళ్ళూ లేరు, ఊడినదాన్ని చీరలో చుట్టుకుని అంత దూరం వచ్చేవాళ్ళూ లేరు...

మీ ఇంట్లోనూ పోయినవాళ్ళది, ఎవరూ ముట్టకూడదని దాచిన వస్తువు ఏదైనా ఉందా? ఉంటే చెప్పండి, చదువుతాను. అది గిటారే అయితే మాత్రం... ఈరోజే దించి, తీగలు కాస్త వదులు చేయండి.