రెండు గుడ్డలూ ఒకేసారి

మొన్న సాయంత్రం మా మనవరాలు టీవీలో గుర్రప్పందెం పెట్టింది. అబ్బబ్బ, ఏమి చూపించడమమ్మా అది! పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి, గుర్రం ముక్కులో దూరినట్టు ఇంకోసారి. మాట్లాడేవాడికి ఊపిరి పీల్చుకునే తీరిక లేదు. అంతలో వెనక వస్తున్న గుర్రమొకటి ముందుకాళ్లు మడిచి కూలబడింది. మీదున్నవాడు ఎగిరిపడ్డాడు. టీవీ మాత్రం ముందున్న గుర్రాలతోనే పోయింది. "ఆ పడినోడు ఏమైనాడే?" అన్నాను. "ఏమో అవ్వా, చూపించలేదు కదా" అంది, జడ అల్లుకుంటూ. నాకు ఒళ్లు మండింది. అన్ని కళ్లున్నదానికి ఒక్క కన్ను వెనక్కి తిప్పే ఇంగితం లేదా?

పందొమ్మిదివందల యాభైల్లో మా ఆయన ఆదోనిలో జట్కా తోలేవాడు. నేను కాపురానికి వచ్చిన కొత్త. ఏరువాక పున్నమికి మావైపు ఎద్దులను పరిగెత్తిస్తారు. ఏ రంగు ఎద్దు ముందొస్తే ఆ రంగు పంట పండుతుందని నమ్మకం. ఆ సంబరం అయ్యాక జట్కాలవాళ్లకూ వేడి పుట్టేది. ఆ ఏడాది మా ఎర్రగుర్రానికీ, ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒకాయన తెల్లగుర్రానికీ పందెం. బండ్లు ఎమ్మిగనూరు దారిలో వంక, అదే వాగు, దాటి ఊరి మొదటికి రావాలి. వంక దగ్గర బండమీద లాడాలు కొట్టే సాయిబు నిలబడతాడు. ఎర్రది ముందుంటే ఎర్రగుడ్డ, తెల్లది ముందుంటే తెల్లగుడ్డ ఊపుతాడు. అదే మాకు అప్పటి టీవీ. గుడ్డ చూసి ఊరంతా కేకలు పెట్టేది. ఆ ఏడు మాత్రం కేకలు పెట్టే పని ఒక మనిషికి అప్పగించారు. కొత్తగా మైకుసెట్టు వచ్చింది.

మా అత్త పందెం వద్దని రెండు పూటలు అన్నం ముట్టలేదు. మా మామ పోయింది ఆ వంకలోనే, జట్కా తిరగబడి. కొడుకు వింటేనా! తల్లి కాళ్లకు మొక్కి మరీ పోయాడు. ఆడవాళ్లం బజారుకు పోకూడదని ఆమే నన్ను మిద్దెమీదికి ఎక్కించింది. నా చెయ్యి పట్టుకుని వంకవైపే చూస్తోంది. ఆ గోళ్ల గుర్తులు మర్నాటికీ పోలేదు.

ఎర్రగుడ్డ లేచింది. "ఎర్రగుర్రం ముందుందప్పో!" అని మైకు అరిచింది. నేను నవ్వబోయాను. అత్త నవ్వలేదు. గుడ్డ దిగింది. మళ్లీ లేవదేం? చాలాసేపటికి సాయిబు రెండు చేతులూ ఎత్తాడు. ఒక చేతిలో ఎర్రది, ఒక చేతిలో తెల్లది. రెండూ కలిపి ఊపుతున్నాడు. అట్లాంటి గుర్తు ఎవరూ అనుకోలేదు. వెనకటి రోజులైతే ఊరంతా నోరు మూసుకుని ఎదురు చూసేది. కానీ మైకు చేతిలో ఉన్నవాడు ఊరుకుంటాడా? "రెండు బండ్లూ గుద్దుకున్నాయప్పా! వంకలో పడినాయి! మనుషులు పోయినారు!"

"నీ నోట్లో మన్ను పడ!" అంది అత్త. ఆ మాట నా చెవిలో పడేసరికే ఆమె మెట్లు దిగేసింది. నాకు బజారు వద్దన్న మనిషి, కొంగు నడుముకు చుట్టి నట్టబజారులో పరిగెత్తింది. నేనూ వెనకే. ఏ దేవుడికి మొక్కానో, ఎవరిని గుద్దుకున్నానో ఇప్పటికీ తెలియదు.

ఊరి బయట దుమ్ములో మా ఎర్రగుర్రం కనపడింది, నడుచుకుంటూ. పక్కన కళ్లెం పట్టుకుని మా ఆయన. బండిలో ఎమ్మిగనూరాయన, విరిగిన కాలికి మా ఆయన తలగుడ్డ కట్టుకుని. వెనక కుంటుతూ తెల్లగుర్రం. వంకలో తిరగబడింది వాళ్ల బండి. ముందున్న మా ఆయన వెనక్కి తిరిగి చూశాడు, బండి ఆపి దిగాడు. అంతే జరిగింది.

నేను భోరున ఏడ్చాను. అత్త ఏడవలేదు. కొడుకు ముఖమంతా తడిమి చూసి, చెంపమీద ఒకటి అంటించింది. "గెలిసొస్తానని పోయి సుట్టాన్ని తెస్తివేమిరా!" అని బండిలోకి చూసి, "ఏమప్పా, సంగటి తింటావా?" అంది. కాలు అతికేదాకా ఆయన మా ఇంట్లోనే ఉన్నాడు.

ఆ రోజు మేం పోయేసరికే జనం సాయిబును చుట్టుముట్టారు, అదేం గుర్తని. "ఎవురు ముందని ఊపేదప్పా? ఇద్దురూ ఒకే తావున నిలబడిరి" అన్నాడు పాపం.

టీవీ ఆపేసి పిల్ల నిద్రపోయింది. నాకు నిద్ర రాలేదు. ఆ పడినవాడు లేచాడో లేదో. మా అత్తా పోయింది, మా ఆయనా పోయాడు, వంకమీద వంతెన వచ్చింది. కాలం కూడా ముందున్న గుర్రాలతోనే పోతుంది. పడినవాళ్ల దగ్గర ఆగినవాళ్లను మాబోటి ముసలాళ్లే గుర్తుపెట్టుకోవాలి.