అక్క కాళ్లకు కొత్తవాడ దారి

షుగర్ వల్ల మా రూతమ్మక్కకు ఈ మధ్యే చూపు పోయింది. డోర్నకల్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. ఒకరోజు వెళ్లేసరికి మంచం పక్కన గ్లాసు నిండా నీళ్లు అలాగే ఉన్నాయి. "ఏందక్కా, ఉపాసమున్నవా?" అని ఆటపట్టించాను. వంటింట్లో ఉన్న కోడలికి వినబడకుండా గొంతు తగ్గించింది. "నీళ్లు తాగితే బాత్రూముకు పోవాలె. పోవాలంటే కోడలు పిల్లను పిలవాలె. ఎన్నిసార్లని పిలుస్తరా?" బాత్రూము వెనక తలుపు అవతలే. కానీ ఇల్లంతా నున్నటి టైల్స్. మంచం దిగితే ఎటు పోతోందో కాళ్లకు తెలియదు. నేను ఏడో తరగతితోనే బడి మానేసినవాణ్ణి, అయినా ఒక ఆలోచన తట్టింది. మంచం నుంచి తలుపు దాకా పొడవాటి దర్రీ పరిస్తే, దాని మీదే నడిచి వెళ్లొచ్చు కదా! నేల మీద పరిచే ఈ మందపాటి నూలు జంపఖానాలకు వరంగల్ కొత్తవాడ పెట్టింది పేరు. "నడిచేది నువ్వు, ఎంచేది కూడా నువ్వే" అని అక్కను బలవంతంగా బయలుదేరదీశాను.

పొద్దున ప్యాసింజర్‌కు గంటన్నర పైనే పడుతుంది, టికెట్ మూడు నాలుగు చాయల ఖర్చు. కేసముద్రంలో బండి ఆగగానే నా బుద్ధి ఊరుకోలేదు. "అక్కా లే, వరంగల్ వచ్చింది" అన్నాను. ప్లాట్‌ఫాం మీద ఇద్దరు మనుషులు, ఒక కుక్క. అక్క సంచి పట్టుకుని లేచి చెవులు రిక్కించింది. "అబ్బ, ఎంత మందిరా! జాతర లెక్కనే ఉన్నది. నా చెయ్యి ఇడువకు." ఎదురు సీటులో ఉన్నామె పకపకా నవ్వింది. నాకే నవ్వు ఆగిపోయింది. నేను ఊరి పేరు ఒక్కటి చెప్పానంతే, జనాన్నీ గోలనూ అక్క మనసే తెచ్చి పెట్టేసుకుంది. "కేసముద్రమే అక్కా, కూసో" అన్నాను. చేతికి దొరికిన చోట గట్టిగా గిచ్చింది. "కండ్లు లేనిదాన్ని ఆడిపిస్తవా? నీ మాట ఇంక నమ్మితే చూడు!"

వరంగల్ స్టేషన్ బయట ఆటో అబ్బాయి కొత్తవాడకు వంద అడిగాడు. అక్కను చూసి, "ఫికర్ చెయ్యకమ్మా, గుంతలు తప్పిచ్చుకుంట తీస్కపోత" అన్నాడు. "తప్పియ్యకు బిడ్డా. గుంతలొస్తేనే బండి పోతాందని నాకెరుక" అంది అక్క. వాడు దారిపొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

కొత్తవాడలో మగ్గాల చప్పుడు వినబడిన ఇంటి ముందు దిగాం. నేతపని చేసే కొమురయ్య అరవై దాటిన మనిషి. అడిగిందే తడవుగా నాలుగు దర్రీలు పరిచాడు. నేను ఎరుపూ నీలం గీతలున్నదాన్ని మెచ్చుకుంటుంటే, "అది నీ ఇంట్ల పరుచుకోరా" అంది అక్క. చెప్పులు విప్పి ఒకదాని మీద నడిచింది. అంచు పాదానికి బాగానే తెలిసింది. కానీ చివర ఎప్పుడొచ్చిందో తెలియక బొటనవేలు గోడకు కొట్టుకుంది. "తొవ్వ దొరికింది గని, తలుపెక్కడొస్తదో ఎట్లెరుకైతది? పోదాం పారా, నాకెందుకివన్ని" అని వెనక్కి తిరిగింది. ఆ మొహం చూసి నా దగ్గర జోకులన్నీ అయిపోయాయి.

వెనక్కి వస్తూ పక్కన పడి ఉన్న పొడవాటి దర్రీ మీద కాలు పెట్టింది. రెండడుగులు వేసి ఠక్కున ఆగింది. "గిదేందిరా, ఈడ గడప తగులుతాంది?"

కొమురయ్య కంగారుపడ్డాడు. "అది చూడకక్కా, పాడైన మాల్. లావు నూలు కండె పొరపాటున మగ్గం మీదికొచ్చింది. నడుమొకటి, కొసకొకటి లావు పట్టీలు లేచినయి. కొన్నోళ్లు వాపస్ ఇచ్చిండ్రు."

అక్క మొదటికి పోయి మళ్లీ నడిచింది. నడుమ ఆగింది. చివర ఆగింది. "నాకిదే కావాలె."

"గిది అమ్మితే నా నేతను చూసి నవ్వుతరక్కా."

"చూసేటోళ్లకు కాదన్నా, నాకు."

కొమురయ్య చెప్పులు వదిలి, కళ్లు మూసుకుని తనూ దాని మీద నడిచాడు. చివరి పట్టీ దగ్గర ఆగి, "సక్కగనే చెప్తాంది" అంటూ తనే చుట్టి తాడు కట్టాడు. ఆ పొడవుకు మంచి దర్రీ అయితే పదిహేను వందల దాకా చెబుతారు, మాకు సగానికే ఇచ్చాడు.

సాయంత్రానికి ఇల్లు చేరాం. జారకుండా కింద రబ్బరు మ్యాట్ వేశాం. చివరి పట్టీ సరిగ్గా వెనక తలుపు ముందు పడేలా పరిచి, మిగిలింది మంచం కిందికి మడిచాం. కోడలు చెయ్యి పట్టుకోబోతే అక్క వద్దంది. నడిచింది. నడుమ పట్టీ తగలగానే, "కేసముద్రం" అంది. ఇంకో నాలుగడుగులు వేసి చివరి పట్టీ మీద ఆగింది. నేనుండలేక, "ఇంక రాలేదక్కా, నడువు" అన్నాను.

"నీ మాట ఎవడింటడురా? వరంగల్ వచ్చింది, దిగుతాన్న" అని చెయ్యి చాపింది. గొళ్లెం చేతికందింది.

కళ్లు, చెవులు, కాళ్లు తెచ్చిచ్చేవి చిన్న చిన్న ముక్కలే, వాటిని అతికి ఊరనో ఇల్లనో చెప్పేది లోపలున్న మనసు. అది నాలాంటివాడి మాటకు మోసపోతుంది కూడా. అయినా నమ్మదగ్గ ముక్క ఒక్కటి దొరికితే మనిషిని లేపి నడిపిస్తుంది. మొన్న వెళ్లినప్పుడు అక్క పక్కన గ్లాసు ఖాళీగా ఉంది, ఇంకో గ్లాసు తెమ్మని నన్నే పురమాయించింది. కొత్తవాడ వెళ్లేవాళ్లకు ఒక్క మాట. దర్రీని చేత్తో తడిమి కొనకండి, చెప్పులు విప్పి కళ్లు మూసుకుని నాలుగడుగులు నడిచి చూడండి. మా అక్కలాంటి అక్క వెంట ఉంటే మాత్రం స్టేషన్ పేరు నిజమే చెప్పండి, ఆ గిచ్చుడు నొప్పి వరంగల్ దాకా తగ్గదు.