హోలీదాకా ఉంచిన పలకలు

పాప పడుకుంది. రేపు దాన్ని మొదటిసారి ఖేడ్ పట్నం పోయే ఆటోలో బడికి పంపాలి. ఆ ఆటోలో పిల్లల్ని ఎలా కుక్కుతారో చూశాను. నాకు నిద్ర రావడం లేదు.

దసరా పోగానే మా ఊళ్లో సగం ఇండ్లకు తాళాలు పడతాయి. పిల్లల్ని తీసుకుని చెరుకు కొట్టడానికి పోయి, హోలీకి తిరిగొస్తారు. పోయేముందు తల్లులు పిల్లల పలకలు బడిలో అప్పజెబుతారు. పలక ఉన్నంతకాలం పిల్ల ఆ బడిదే. సారు వాటిని గోడకు ఆనించి పెడతాడు.

పోయిన ఏడు చలికాలంలో ఒక పరిశోధన సంస్థ నుంచి ఒకతను మా బడికి వచ్చాడు. పాపను దింపడానికి పోయిన నేనూ అక్కడే ఉన్నాను. సర్కారు బడులు నడిపే బదులు తల్లిదండ్రులకు కూపన్లిస్తే నచ్చిన ప్రైవేటు బడి ఎంచుకుంటారని వాళ్ల వాదన. డిగ్రీలో నేనూ అదే చదివాను, అప్పట్లో నచ్చింది కూడా. తరగతిలో మా పాపతో కలిపి కొద్దిమందే ఉన్నారు.

"ఈ పలకలు బడి మానేసినవాళ్లవా?" అని నన్నడిగాడు.

"కాదు, చెరుకు అయిపోగానే వస్తారు."

బడిలో అన్నం వండే పెద్దమ్మ నవ్వింది. "ఖాళీ ఇండ్లు జూసి ఊరు సచ్చిందనుకున్నవా సారూ? హోలీకి రా, కూసునే జాగ దొరకది."

అతనూ నవ్వాడు. మర్యాదస్తుడే. పలకల ఫోటో తీసుకుని వెళ్లాడు.

తర్వాత పేపర్లో మంత్రి మాటలు చదివాను. పిల్లలు లేని బడులకు ఖర్చెందుకు అన్నాడు. ఆ సంస్థ నివేదిక అదే చెప్పిందని కింద రాశారు. ఈ ఏడు మళ్లీ చెరుకు కాలంలోనే, పోయిన వారం, మా బడిని ఖేడ్ బడిలో కలిపేశారు. వద్దనడానికి ఊళ్లో మనుషులు లేరు. కూపన్లు రాలేదు. సారును ఎటో బదిలీ చేశారు.

ఇవాళ పక్కింటామె చెరుకు నుంచి దిగింది. మూట దించకుండానే అడిగింది.

"అక్కా, బడికి తాళమేంది? నా పోరి పలక లోపల్నే ఉన్నది."

చెప్పాను. ఆటో సంగతీ చెప్పాను.

"మేం మల్ల చెరుకుకు పోతే ఆటోడు నా పోరి జాగ ఉంచుతడా?"

ఆమె మూట దించడానికి చేయి వేశాను.

"నీ పోరిని పంపు అక్కా. నాది ఇగ నా ఎంబడే వస్తది, చెరుకాకు మోపులన్న కడ్తది."

సాయంత్రం పిల్లలిద్దరూ బడి కిటికీ పట్టుకుని నిలబడ్డారు. ఆ పిల్ల ఊచల్లోంచి చేయి పెట్టి, "గదే నాది, అంచు ఇరిగింది" అని మా పాపకు చూపిస్తోంది.

పాప టిఫిన్ డబ్బా కడిగి బోర్లించాను. తెల్లారితే ఆటో వస్తుంది.