ఖాలా వేయించిన సజ్జలు

పక్కింటి ఖాలా ఇక లేదు. ఆ కబురు చెప్పడానికి వాళ్ల కోడలు మా రెండు డాబాల మధ్య ఉన్న మోకాలెత్తు గోడ దాటి వచ్చింది. నేను అప్పుడు మా హాస్టల్ పిల్లల దుప్పట్లు ఆరేస్తున్నాను.

"అమ్మీ పోయిన్రు ఆంటీ. పొద్దుగాల ఫజర్ నమాజ్ చదివి పండుకున్నరు. మళ్ల లేవలే."

నాకు ఏడుపు రాలేదు. "అదేనా? తిరగబెట్టిందా?" అని అడిగాను.

కోడలు నా చెయ్యి పట్టుకుంది. "కాదాంటీ. గుండె ఆగిందన్నడు డాక్టరు. అది కాదు."

రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లం, మాలో ఎవరు పోయారని విన్నా ముందు అడిగేది అదే. ఖాలా వింటే నవ్వేది. ఆవిడదీ అదే జబ్బు, నాలాగే ఎడమ పక్కన, నాకంటే చాలా ఏళ్ల ముందు.

మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆవిడ సర్కారు బళ్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. మేము గోదావరి వైపు నుంచి వచ్చి అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్ నడుపుకునేవాళ్లం. కోచింగుల కోసం వచ్చిన పిల్లలు మా ఇంటినిండా. గోడ మీదుగా మా గోంగూర పచ్చడి అటు, వాళ్ల ఖట్టీ దాల్ ఇటు తిరుగుతుండేవి. మొదట్లో మా స్నేహం అంతవరకే.

నాకు ఆపరేషను, కీమో, రేడియేషను అన్నీ అయిపోయాక అసలు కష్టం మొదలైంది. ట్రీట్‌మెంటు జరిగినన్నాళ్లూ ఇంట్లో చుట్టూ మనుషులే. అది కాస్తా అయిపోగానే "హమ్మయ్య, గండం గడిచింది" అనుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. మా ఆయన మంచివాడే గానీ, "తగ్గిపోయిందిగా, ఇంకా ఏంటి నీకు?" అనేవాడు. ఏంటో నాకు తెలిస్తే కదా చెప్పడానికి. వీపు నొప్పి పుడితే అదేనేమో, దగ్గు వస్తే అదేనేమో. బాత్‌రూమ్ అద్దం మీద టవల్ కప్పేశాను. డాబా తప్ప గడప దాటేదాన్ని కాదు.

ఓ మధ్యాహ్నం గోడ అవతల నుంచి ఖాలా గొంతు వినిపించింది. "ఏడుస్తున్నవా బేటీ?"

"లేదండీ. ఎండ."

"ఎండకు కండ్లు గిట్ల ఎర్రగైతయా? ఏడ్వు. గీ బట్టలు ఆరేదాక ఏడ్వు. ఆరినంక మడత వెట్టాలె."

అని గోడవారన కూచుని వెల్లుల్లి ఒలుచుకుంది. తీగల మీద దుప్పట్లు గాలికి ఉబ్బి, మెల్లగా పడుతున్నాయి. ఎక్కడో మెట్రో వెళ్లిన చప్పుడు. బట్టలు ఆరగానే "చలో" అని లేచింది. దుప్పటి ఆ కొస ఆవిడ, ఈ కొస నేను పట్టుకుని గోడకి అటూ ఇటూ నిలబడి మడతలు పెట్టాం. ఆఖరి మడతకి ఇద్దరి చేతులూ కలిశాయి.

అప్పటినుంచి అదే మా పద్ధతి. వేసవిలో ఏడవడానికి బొత్తిగా టైము దొరికేది కాదు. "వానాకాలం మొత్తం నీదే బేటీ, ఆరనే ఆరయి" అని వెక్కిరించేది.

ఆపరేషనులో తీసేసిన రొమ్ము చోట నేను జాకెట్ లోపల దూది కుక్కుకుంటున్నానని ఆవిడ ఎప్పుడు కనిపెట్టిందో ఏమో. "దూది తేలిపోతది. బరువుండాలె. లేకుంటే భుజం ఒకదిక్కు ఒరుగుతది" అంది. తన పాత మల్‌మల్ దుపట్టా కత్తిరించి గుండ్రంగా చిన్న సంచీ కుట్టింది. నిండా సజ్జలు పోసి, అరచేతిలో తూకం చూసి, ఇంకో గుప్పెడు వేసి నోరు కుట్టింది. తనదీ అలాంటిదేనట. అది పెట్టుకుని నిలబడితే, మీరు నమ్మరు గానీ, నా ఒళ్లు నాకు తిరిగి ఇచ్చినట్టు అనిపించింది. ఆ రోజు అద్దం మీద టవల్ తీశాను. మళ్లీ కప్పాను. తీసిపారెయ్యడానికి ఇంకొన్నాళ్లు పట్టింది.

"సజ్జలు మారుస్తుండు. వేయించి పొయ్యి" అని చెప్పింది. పొయ్యమన్నది విన్నాను గానీ, వేయించమన్నది చెవికెక్కలేదు. బోనాల రోజుల్లో ముసురు పట్టినప్పుడు పచ్చి సజ్జలు పోసుకున్న సంచీని చెమట వాసనేస్తోందని అలాగే ఉతికి ఓ మూల ఆరేసి మర్చిపోయాను. తర్వాత చూద్దునుగదా, గుడ్డలోంచి సన్నగా, తెల్లగా ఏవో పొడుచుకొచ్చాయి. పెరగడం అన్న మాటంటేనే నాకు భయం. నా గుండె మీద పెట్టుకునే దానిలో ఏదో పెరుగుతోంది! కెవ్వున అరిచాను.

ఖాలా మోకాళ్ల నొప్పులు మర్చిపోయి గోడ దాటేసింది. సంచీని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ఆ తడి డాబా మీదే చతికిలబడింది. "అరే అల్లా! వేయించలేదా? నీ ఛాతీ మీద చేను మొలిసింది బేటీ!" నేను ఆ సంచీ దగ్గరికి రాలేదు. అది చూసి నవ్వు ఆపేసి, నన్ను పక్కన కూచోబెట్టుకుంది. "పెరిగేటియన్ని చెడ్డయి కావు బేటీ" అంది. ఇప్పటికీ గడ్డ ఏమైనా ఉందేమోనని వేళ్లతో నా ఒళ్లు నేను తడుముకుని చూసుకునేటప్పుడు ఆ మాటే అనుకుంటాను.

ఆ మొలకల్ని ఖాళీ పెయింటు బకెట్‌లో పాతింది. దసరాకి కంకులు వేశాయి. మాకు ఒక్క గింజ మిగల్చకుండా పావురాలు తినేశాయి.

ఆరు నెలలకోసారి చెకప్‌కి పంజాగుట్ట వెళ్లాలి. మెట్రోలో ఒక్క స్టేషను. ప్రతిసారీ ఖాలా వచ్చేది. రిపోర్టు చేతికి రాగానే తెరవనిచ్చేది కాదు. ముందు ఇరానీ హోటలు, చాయ్, బిస్కెట్లు. "డర్నా హై తో డర్, మగర్ ఖాలీ పేట్ నక్కో" అనేది. భయపడితే పడు గానీ, ఖాళీ కడుపుతో వద్దని. ఓసారి అడిగాను, "మీకు భయం వెయ్యదా ఖాలా?" అని.

"ఎందుకెయ్యదు? మస్తైతది. గందుకే నీతోని వస్త. నా ఫికర్ సుత నీ దాంట్ల కలిపితె జర తేలికైతది."

ఖాలా పోయాక మొదటి చెకప్ ఇవాళ. మానేద్దామనుకున్నాను. నాలుగు రోజుల నుంచి భుజం కింద సలుపు, చెప్పుకోవడానికి గోడ అవతల ఎవరూ లేరు. వచ్చే నెల వెళ్తానని మా ఆయనతో అనేశాను కూడా.

నిన్న సాయంత్రం కోడలు ఖాలా సంచీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "పారెయ్యబుద్ధి గాలే ఆంటీ. ఏం జెయ్యాల్నో మీకు తెలుస్తదని."

తెల్లారగానే దాన్ని డాబా మీదికి తీసుకెళ్లాను. అత్తరు వాసన ఇంకా ఉంది. ఆ గింజలు నాటుదామని బకెట్‌లో మట్టి తడిపి, కుట్లు విప్పాను. గింజలన్నీ గోధుమరంగులో, దోరగా వేగి ఉన్నాయి. ఎందులోనూ నాలా పొరపాటు చేసే మనిషి కాదుగా. ఇవి మొలవవు. అప్పుడు వచ్చింది ఏడుపు. నిన్నటి దుప్పట్లు తీగ మీద ఇంకా చెమ్మగానే ఉన్నాయి. అవి ఆరేదాకా ఏడ్చాను. ఆరాక ఒక కొస పట్టుకుని లేస్తే, గోడ అవతల నుంచి కోడలు వచ్చి రెండో కొస పట్టుకుంది.

సజ్జలు గోడ పొడుగునా పోశాను. కిందికి వెళ్లి రెండు ఇడ్లీలు తిని, ఫైలు తీసుకుని, చెప్పులేసుకున్నాను. మా ఆయన పేపరు పక్కన పెట్టి చూశాడు. సందు మలుపులో ఆగి పైకి చూస్తే గోడ మీద పావురాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. అన్నీ ఒక్కసారే లేచాయి. ఖాలా ఇన్నేళ్లు గుండె మీద మోసిన బరువు గింజ గింజగా పొట్టల్లో పెట్టుకుని, డాబాల మీదుగా ఓ చుట్టు తిరిగి, నాకంటే ముందే పంజాగుట్ట వైపు వెళ్లిపోయాయి.