తంబాకు దగ్గే అనుకున్నాం

మా ఇంట్లో బీడీలు చేసే గదికి ఒక కిటికీ ఉంది. దాన్ని తెరిచేవాళ్లం కాదు, ఫ్యానూ వేసేవాళ్లం కాదు. గాలి తగిలితే చాటలోని తంబాకు లేచిపోతుంది, తడిపిన ఆకు ఎండి చుట్టేటప్పుడు చిట్లుతుంది. బాన్సువాడలో బీడీలు చేసే ఏ ఇంట్లో చూసినా ఇదే తీరు. దుబారా నాకు గిట్టదు గనుక ఆ పద్ధతి నాకూ నచ్చింది.

ఆ గదిలో నేను, మా కోడలు, పక్కింటామె కూర్చునేవాళ్లం. గోడవార చీరతో కట్టిన ఉయ్యాలలో నా మనవరాలు. దానికప్పటికి బోర్లా పడటం కూడా రాలేదు. ఏడిస్తే తల్లి కాలితో ఉయ్యాల ఊపేది, చేతులు మాత్రం ఆకు చుడుతూనే ఉండేవి.

వానలు మొదలయ్యాక కోడలికి దగ్గు పట్టింది.

“అది తంబాకు దగ్గే అక్కా! బీడీలు చేసేటోళ్లకు దగ్గు రాకుంటే పని చేస్తలేరనుకుంటడు బీడీల సేటు” అని పక్కింటామె నవ్వింది. మేమూ నవ్వాం.

మిరియాలు, బెల్లం కలిపి ఇచ్చాను. తగ్గలేదు. పొద్దుగూకేసరికి ఒళ్లు కాలేది. రవికెలు వదులైతే కుట్లు వేసుకుంది. ఒకనాడు దగ్గి, కొంగు చప్పున ముడిచింది.

“ఏంది దాస్తున్నవ్?”

“ఏం లేదత్తమ్మా, తంబాకు మరక.”

కొంగు లాగి చూశాను. నెత్తురు జీర. నా చూపు కోడలి మీదికి కాదు, ఉయ్యాల మీదికి పోయింది.

నా చిన్నతనంలో మా ఊళ్లో ఈ రోగం వచ్చినవాళ్లకు కంచం, చెంబు వేరుగా పెట్టేవారు. నాకు తెలిసిన జాగ్రత్త అంతే. అప్పుడే కోడలి కంచం వేరు చేశాను, గిన్నెలన్నీ బూడిదతో తోమి మరిగించాను. కానీ కూర్చోవడం మాత్రం అదే గదిలో, అదే మూసిన కిటికీ పక్కన.

సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష చేసి టీబీ అన్నారు. డాక్టరమ్మ చిన్న వయసుది. కంచం వేరు పెట్టిన సంగతి ఆమెకు గట్టిగానే చెప్పాను.

“కంచంతోని రాదమ్మా. ఆమె దగ్గితే రోగం గాలిల కలుస్తది, అదే గాలి మీరు పీలుస్తరు. మీరు కూసునే గదికి కిటికీ ఉందా?”

“ఉంది.”

“తెరుస్తరా?”

కోడలే చెప్పింది: “తెరిస్తే తంబాకు లేస్తది మేడం.”

“పాపకు పాలిస్తున్నదా?” అని డాక్టరమ్మ నన్నడిగింది.

“ఇయ్యాల్నే మాన్పిస్త.”

“మాన్పియ్యొద్దు. పాలల్ల రాదు. మూతికి మాస్కు కట్టుకొని ఇయ్యాలె. పాపను మాత్రం రేపే తీసుకరండి, పరీక్ష చెయ్యాలె.”

ఆ పరీక్షలు తేలేదాకా పాప తుమ్మితే చాలు ఉయ్యాల దగ్గరికి ఉరికేదాన్ని. దాని పక్కటెముకలు ఎగిసిపడుతున్నాయా అని అస్తమానం చొక్కా ఎత్తి చూసేదాన్ని. పక్కింటామె గుమ్మం బయటే నిలబడి, “మా ఇంటాయన మీ ఇల్లు తొక్కొద్దంటుండు అక్కా” అంది.

“తొక్కకు. తెమడ పరీక్షకు మాత్రం పో. నువ్వు గూడ గా గదిలనే కూసున్నవ్.”

మొహం మాడ్చుకుంది గానీ పరీక్షకు పోయింది. ఆమెకూ నాకూ ఏమీ లేదు.

పాపకూ రోగం లేదన్నారు. కానీ ఇంత పసిదానికి ఎప్పుడైనా తగులుకోవచ్చని నెలల తరబడి వేయాల్సిన మందు రాసిచ్చారు.

“రోగం లేనిదానికి మందేంది?” అన్నాను.

“వచ్చినంక ఇచ్చేది వేరు, రాకుండ ఇచ్చేది వేరు” అంది డాక్టరమ్మ.

పనిని అరుగు మీదికి మార్చాం. తంబాకు ఎగిరిపోతూనే ఉంది, ఆకును మాటిమాటికీ తడపాలి. కోడలికి జ్వరం పోయి మొహం తేటపడగానే టీబీ గోళీలంటే విసుగు మొదలైంది.

“ఇగ బాగైంది గద అత్తమ్మా! మింగితే కడుపుల తిప్పుతది.”

“తిప్పనీ. మధ్యల ఆపితే రోగం మొండికేస్తదని డాక్టరమ్మ చెప్పలే? నోరు తెరువు. మింగేదాక నేను గిక్కడికెల్లి లేవ.”

“సవతిపోరన్న పడొచ్చు గని నీతోని కాదు” అని గొణుగుతూ మింగింది.

మొన్న పాప దగ్గింది. జలుబని అందరూ అన్నారు. నేను దాని వీపుకు చెవి ఆనించి విన్నాను. నాకేం తెలుస్తుంది? ఎత్తుకొని దవాఖానకు పోయాను. డాక్టరమ్మ గొట్టం పెట్టి చాలాసేపు విని, “జలుబే. బరువు కూడా మంచిగ పెరిగింది” అంది.

తలూపి బయటికొచ్చాను. గేటు దగ్గర పాప నా భుజం మీద మళ్లీ దగ్గింది. వెనక్కి తిరిగి వరుసలో ఉన్నవాళ్లను దాటుకుంటూ లోపలికి పోయాను.

“ఇంకొక్కసారి విను బిడ్డా” అన్నాను.