వెనక కుట్టు మేజోళ్లు

పొద్దున్నుంచి లీలావతి గారికి కాలు ఒకచోట నిలవలేదు. కాఫీ కలుపుకుని తాగడం మరిచిపోయారు. కారు తాళాలు మూడుసార్లు వెతికారు.

"మనకేం తక్కువైందని, లీలా? ఈ వయసులో ఫ్యాక్టరీలో జాబ్ ఏంటి?" అన్నారు భర్త రాజారావు, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే. ఆయన రిటైరైన డాక్టరు.

"మీకు టీవీ ఉంది. నాకేముంది? పని లేక పిచ్చెక్కుతోందండీ!" అనేసి ఆవిడ పిస్కాటవే రోడ్డు మీదికి కారు తీశారు.

ముప్ఫై నాలుగేళ్లుగా గొంతులో ఆగిపోయిన మాట అది. అమెరికా వచ్చిన కొత్తలో, ఆయన లైసెన్సు పరీక్షలకు చదువుకుంటుంటే, ఇల్లు నడిపింది ఆవిడే. ఊరి చివరి చిన్న మిల్లులో ఆడవాళ్ల పొడుగు మేజోళ్లు కుట్టేవారు. కాలి ఆకారంలో అల్లిన పల్చటి నైలాను ముక్క అంచులు రెండూ కలిపి, తొడ నుంచి పిక్క మీదుగా మడమ దాకా తిన్నగా కుట్టు వేయాలి. ఆయనకు లైసెన్సు రాగానే, డాక్టరు భార్య మేజోళ్లు కుట్టడమేమిటని మాన్పించారు. చేతిలో విద్య ఉన్న మనిషిని వంటింట్లో కూర్చోబెట్టడం ఏం పెద్దరికమో! లోకమంతా అప్పటికే కుట్టు లేని మేజోళ్లకు మళ్లింది, కొన్నాళ్లకు ఆ మిల్లులోనూ ఆ పనే లేకుండా పోయింది.

2012లో ఆ కుట్టు చడీచప్పుడు లేకుండా తిరిగొచ్చింది. పెళ్లికూతుళ్లు, ఆఫీసు అమ్మాయిలు అదే కావాలంటున్నారట. మిల్లు పాత యజమాని మనవరాలు మార్తా మిషన్లు బాగుచేయించింది కానీ, కుట్టే చేతులు దొరకలేదు. పాత కాగితాల్లో పేరు చూసి లీలావతి గారికి ఫోన్ చేసింది. మేజోళ్లు కొనడానికి న్యూయార్కు నుంచి ఒక షాపావిడ ఇవాళ మధ్యాహ్నం వస్తుంది. ఆవిడకు నచ్చేలా ఒక్క మేజోడు కుట్టి చూపిస్తే ఉద్యోగం, లేకపోతే లేదు.

మిల్లుకెళ్లి మిషన్ ముందు కూర్చుంటే, మొదటిది వంకర పోయింది. రెండోదీ అంతే. మూడోదానికి నూలు పట్టి గీసినట్టు కుట్టు తిన్నగా దిగింది. ఆ సంతోషంలో, అలవాటు కొద్దీ, దాన్ని కళ్లకద్దుకున్నారు. నుదుటి స్టిక్కర్ బొట్టు నైలానుకు అంటుకుపోయింది! కంగారుగా పీకితే పోగు లేచి, మడమ దాకా చారగా విడిపోయింది. ఆవిడకు ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే షాపావిడ లోపలికొచ్చింది. మార్తా చెడిపోయినవి దాచబోతుంటే లీలావతి గారు ఆపి, ఇంగ్లీషులో, "పాడు చేసింది నేనే. ఇంకో ముక్క ఇవ్వు. ఆవిణ్ణి ఇక్కడే నిలబడి చూడమను," అన్నారు.

బొట్టును మిషన్‌కి అంటించి కూర్చున్నారు. పెడల్ నొక్కి, తొడ నుంచి మడమ దాకా ఎక్కడా ఆగకుండా కుట్టేశారు. షాపావిడ ఆ మేజోడును చేతికి తొడుక్కుని, కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసింది. నాలుగు డజన్ల జతలు కావాలంది.

"సోమవారం ఏడింటికి వచ్చేయండి," అంది మార్తా ఊపిరి పీల్చుకుని.

"రేపు రాకూడదా?"

"రేపు శనివారం కదా, సెలవు."

"నాకు సెలవులు చాలు. ఇవాళ్టికి ఇంకా టైముంది, ఇంకో ముక్క ఇవ్వు," అన్నారు లీలావతి గారు, కుర్చీలోంచి లేవకుండానే.